ఒక్క కడ్డీతో వంద మీటర్ల రక్షణా?

పిడుగు నుంచి భవనాలను కాపాడే కడ్డీలలో 'ఎర్లీ స్ట్రీమర్ ఎమిషన్' రకం ఒకటి, క్లుప్తంగా ఈ.ఎస్.ఇ. కడ్డీ. కప్పుకు 5 మీటర్ల ఎత్తున ఒక్కటి నిలిపితే చాలు, చుట్టూ 107 మీటర్ల మేర భయం లేదంటారు అమ్మేవారు. ఆ ఎత్తునే మామూలు కడ్డీ కాపాడేది 24 మీటర్లు. ఇంత తేడా ఎలా వచ్చింది?

మేఘం నుంచి ఋణావేశం మెట్లు మెట్లుగా కిందికి దిగుతుంది. అది నేలను సమీపించగానే కడ్డీ కొన, చెట్టు, భవనపు మూల వంటి ఎత్తయిన చోట్ల నుంచి ఆవేశపు ధారలు పైకి లేస్తాయి. దిగే ధారను ముందుగా కలిసిన చోటే పిడుగు పడుతుంది. ఈ.ఎస్.ఇ. కడ్డీ నుంచి ధార 60 మైక్రోసెకన్లు ముందుగా లేస్తుందనీ, సెకనుకు 10 లక్షల మీటర్ల వేగంతో సాగుతుందనీ 1995లో వెలువడిన ఫ్రెంచి ప్రమాణం లెక్క కట్టింది. అంటే 60 మీటర్ల ఆధిక్యం!

పొరపాటు ఈ వేగంలోనే ఉంది. ప్రకృతిలో ఇలాంటి ధారల తొలి వేగం సాధారణంగా సెకనుకు 10 వేల నుంచి లక్ష మీటర్లు. లక్ష అనుకున్నా ఆధిక్యం 6 మీటర్లే. దాన్ని అదే సూత్రంలో వేసి చూస్తే 107 మీటర్లు కాస్తా 36కి దిగుతాయి.

అనుభవం కూడా ఇదే చెబుతోంది. అమెరికాలోని న్యూ మెక్సికో పర్వతాలపై రకరకాల కడ్డీలు నిలిపి ఏడేళ్ళు పరిశీలించారు. 2000లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం మొద్దు కొన గల 12 కడ్డీలపై పిడుగు పడింది; ఈ.ఎస్.ఇ. కడ్డీలపై ఒక్కసారీ పడలేదు. కౌలాలంపూర్‌లో ఈ.ఎస్.ఇ. కడ్డీలున్న ఎత్తయిన భవనాల మూలలే పిడుగు దెబ్బకు పగిలిన ఫోటోలు ఉన్నాయి.

అలాగని ఈ కడ్డీ బొత్తిగా పనికిరానిదేమీ కాదు. మామూలు కడ్డీ చేసే పని అదీ చేస్తుంది. దాన్ని నమ్మి మిగతా ఏర్పాట్లు మానుకోవడమే ప్రమాదం. మన దేశం స్వీకరించిన ఐ.ఇ.సి. 62305 ప్రమాణం ప్రకారం కప్పు అంచులకూ మూలలకూ వాహకాలు ఉండాలి. వాటి నుంచి నేలకు ఒకటికి మించి తీగలు దిగాలి. మంచి ఎర్తింగ్ ఉండాలి. లోపలి లోహపు గొట్టాలనూ దానితో కలపాలి. ఇది ఖర్చుతో కూడిన పనే. కానీ బడి కప్పు కింద కూర్చున్న పిల్లలకు కావలసింది నిజమైన రక్షణ, కాగితం మీద గీసిన వృత్తం కాదు.