పేర్లు ఒక్కటే చాలవు, ఊరు కావాలి

వంశవృక్షం గీసేవాళ్లు చాలామంది పైతరాల పేర్లు ఎన్ని దొరికితే అంత మేలనుకుంటారు. పది పేర్ల వరుస కన్నా ఒక్క ఊరి పేరు, ఒక్క తల్లి పేరు ఎక్కువ అక్కరకొస్తాయని నా నమ్మకం. అందుకు సాక్ష్యం గంగాధర మండలంలోని కురిక్యాల దగ్గర, బొమ్మలగుట్ట మీద ఉంది. వేములవాడ చాళుక్య ప్రభువు రెండో అరికేసరి ఆస్థానంలో పంపడు 941లో కన్నడంలో విక్రమార్జున విజయం రాశాడు. అతని తమ్ముడు జినవల్లభుడు ఈ గుట్ట బండ మీద చక్రేశ్వరిని, జినులను చెక్కించి, కిందనే సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో శాసనం వేయించాడు. అందులోని తెలుగు కంద పద్యాలు నన్నయ కన్నా ముందువి. మన వెతుకులాటకు అంతకన్నా విలువైనవి అందులోని ఇంటి సంగతులు: పూర్వీకుడు అభిమానచంద్రుడిది వేంగినాటి వంగిపర్రు, తండ్రి భీమపయ్య, తల్లి అబ్బణబ్బె. ఆమె అణ్ణిగేరి జోయిస సింగని మనుమరాలు.

చిక్కంతా తండ్రి పేరు దగ్గరే. పంపడు తన కావ్యంలో తండ్రిని అభిరామదేవరాయడన్నాడు. పేర్లే చూస్తే ఇద్దరూ వేర్వేరు మనుషులని తేల్చేసేవాళ్లం. కానీ వేంగినాడు రెండు చోట్లా ఉంది, అభిమానచంద్రుడూ రెండు చోట్లా ఉన్నాడు. అందుకే ఆ తండ్రి ఒక్కడేనని పండితులు ఒప్పుకున్నారు. అన్న గొప్ప కోసం తమ్ముడు రాయించిన మాటల్ని ఎట్లా నమ్మాలని అడగొచ్చు. పొగడ్తను పక్కన పెట్టాల్సిందే. అయితే తల్లి పుట్టింటి ఊరును కల్పించి చెప్తే ఒరిగేదేమీ లేదు. గొప్పకు పనికిరాని ఇట్లాంటి వివరమే నమ్మదగ్గది.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ మరొకటుంది. బండ మీద రాయించుకునే స్తోమత ఎందరికుంది? నిజమే, శాసనాల్లో కనిపించేది రాజులు, కవులు, దాతలే. కానీ మాదిగల ఇండ్లకు డక్కలివారు, పద్మశాలీల ఇండ్లకు కూనపులివారు తరతరాలుగా వంశకథలు, గోత్రాలు మోసుకొచ్చారు. వాటినీ శాసనాన్ని చదివినట్టే చదవాలి: పురాణం ఎక్కడ ఆగింది, ఊరు ఎక్కడ మొదలైంది, ఆ ఊరి 1954-55 కాస్రా పహాణీ భూరికార్డులో ఆ ఇంటిపేరు దొరుకుతుందా అని. రెండూ కలిసిన చోటే వంశవృక్షానికి వేరు దొరుకుతుంది. ఆ కథలు చెప్పేవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. ఈసారి మీ వాకిట్లోకి వస్తే కూర్చోబెట్టి, చెప్పిందంతా ఫోన్లో రికార్డు చేయండి. ఇంట్లో ఉన్న పెద్దావిడను ఆమె పుట్టినూరు, ఆమె తల్లి పుట్టినూరు అడిగి రాసిపెట్టుకోండి.