'రుద్రమదేవి' చిత్రము: వైభవమున ఏకాకిత్వము

చారిత్రక చలనచిత్రమును విమర్శించువారు సాధారణముగా రెండు ప్రశ్నలతో తృప్తి పడుదురు. ఇది చరిత్రకు ఎంత దగ్గర? పెట్టిన వ్యయమునకు తగిన వైభవము తెరపై కలదా? గుణశేఖర్ రచించి, నిర్మించి, దర్శకత్వము వహించిన 'రుద్రమదేవి' 2015 అక్టోబరు 9న విడుదలైనప్పుడు జరిగిన చర్చయు చాలవరకు ఈ రెంటినే ఆశ్రయించినది. అడుగదగిన మూడవ ప్రశ్న యొకటి కలదు. ఇంత సంభారము నడుమ దర్శకుని సొంత గొంతు ఎచట వినబడుచున్నది? అది రుద్రమ ఒంటరితనమున వినబడుచున్నదని మా అభిప్రాయము. చిత్రములోని బలము, దోషము గూడ ఆ తావుననే తెలియవచ్చును.

ఈ ప్రశ్న సాహిత్య విద్యార్థులకు కొత్తది కాదు. కవిత్రయము వారు వ్యాసుని కథనే గ్రహించిరి. ఐనను నన్నయ నన్నయయే, తిక్కన తిక్కనయే. కథ ఉమ్మడి సొత్తు. దేనిని పెంచెనో, దేనిని తగ్గించెనో, ఎచట నిలిచెనో, అది కవి సొత్తు. చలనచిత్రము పలువురి చేతిపని కావున దానియందు ఒకని ముద్రను గుర్తించుట కష్టము. కాని ఒక చిత్రమున కనబడినది యాదృచ్ఛికమని త్రోసివేయవచ్చును. పలు చిత్రములందు మరల మరల కనబడినదానిని శైలి యనక తప్పదు.

గుణశేఖర్ శైలి యనగానే అందరు భారీ సెట్లను తలచుకొందురు. 'ఒక్కడు' (2003) చిత్రమునకు చార్మినారును, 'అర్జున్' (2004) చిత్రమునకు మధుర మీనాక్షి ఆలయమును సెట్టుగా నిర్మింపజేసిన దర్శకుడతడు. ఇది నిజమే కాని సగము నిజము. ఆ కట్టడముల నీడలో ఎవరున్నారని చూడవలెను. 'ఒక్కడు'న కర్నూలు నుండి పారిపోయి వచ్చిన యువతి పాతబస్తీ ఇంట రహస్యముగా తలదాచుకొనును. 'అర్జున్'న మెట్టినింటనే ప్రాణభయమున్న సోదరి కలదు. తరువాతి 'శాకుంతలము' (2023) నందు భర్తచే గుర్తింపబడని శకుంతల నిండు సభలో ఒంటరియై నిలుచును. ఒక మహాకట్టడము, దాని నడుమ దిక్కులేని యొక స్త్రీ: ఈ జంటయే అతని కల్పనకు మూలరూపము. కట్టడము ఎంత పెద్దదైన ఆమె అంత చిన్నదిగా కనబడును. కావున అతని చిత్రములందు ఆడంబరము ఒంటరితనమునకు విరోధి కాదు. దానిని కొలుచు కొలబద్ద.

'రుద్రమదేవి'లో ఈ మూలరూపము ఒక మలుపు తిరిగినది. 'ఒక్కడు', 'అర్జున్' చిత్రములందు ఆపదలోనున్న స్త్రీ వేరు, రక్షించు వీరుడు వేరు. ఇచట ఇరువురు ఒకే దేహమున ఉన్నారు. గణపతిదేవుని కుమార్తె రుద్రదేవుడను పేర కుమారునివలె పెరుగును. రాజ్యమును కాపాడవలసినది ఆమె. రాజ్యమునుండి దాగవలసినదియు ఆమెయే. బాల్యమిత్రుడగు చాళుక్య వీరభద్రుడు ఆమెను స్త్రీరూపమున చూచి వలచును గాని, ఆమెయే తన మిత్రుడని ఎరుగడు. రహస్యమును కాపాడుటకు ముక్తాంబతో వివాహము గూడ జరుగును. ఇట్లు మిత్రుడు, భార్య, ప్రజ, అందరు చుట్టునున్నను ఆమెను ఆమెగా ఎరిగినవారు అరుదు.

ఇది చరిత్రయా యని అడుగవచ్చును. రుద్రమ గణపతిదేవుని పుత్రిక యనియు, నిడదవోలు చాళుక్య వీరభద్రుని భార్య యనియు చరిత్రకారులు నిర్ణయించిరి. మార్కోపోలో ఆమెను మృతుడైన రాజు భార్యగా చెప్పుట పొరపాటు. శాసనములు ఆమెను రుద్రదేవ మహారాజని పేర్కొనుట నిజము. కాని ఆ పుంలింగ నామమును రాజోచిత వ్యవహారముగా గ్రహింపవచ్చును. లోకమెరుగని వేషమునకు అది సాక్ష్యము కాజాలదు. 1289 నాటి చందుపట్ల శాసనము వలన ఆమె మరణకాలము తెలియుచున్నదే కాని మనస్సు తెలియదు. శాసనము మౌనము వహించిన చోట చిత్రము మాటాడినది. ఒక పేరును జీవితమంతటి వేషముగా పెంచుటలో దర్శకుని అభిరుచి స్పష్టము.

చిత్రీకరణ స్థలమును గూర్చియు ఒక మాట చెప్పవలెను. కళాదర్శకుడు తోట తరణి రూపొందించిన ఓరుగల్లు సెట్టు హైదరాబాదునకు పడమటనున్న గోపనపల్లిలో వెలసినది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప హైటెక్ సిటీ గచ్చిబౌలి, నానకరామ్‌గూడల మీదుగా ఆ పరిసరముల దాక వ్యాపించినది. అద్దపు మేడల పొరుగున కాకతీయుల రాజధాని కొంతకాలము నిలిచి మాయమైనది. అసలు ఓరుగల్లున శిలాతోరణములు నేటికిని నిలిచియున్నవి. సెట్టునకు ముఖమే గాని వెనుకగది యుండదు. చూపరులకై కట్టినది, కాపురమునకై కాదు. రుద్రదేవుని జీవితమును అట్టిదే. ఆమెకు సభ కలదు, రణరంగము కలదు. వేషము విప్పి తానుగా కూర్చుండుటకు ఒక మూల లేదు. ఐసెన్‌స్టైన్ 'ఇవాన్ ది టెరిబుల్' చిత్రమున పల్లపు కప్పులు, ఇరుకు ద్వారములు రాజును నొక్కివేయును. ఇచట విశాలతయే ఆమెకు చెర.

ఐనచో చిత్రము సఫలమైనదా? పూర్తిగా కాలేదని చెప్పవలసి యున్నది. గోన గన్నారెడ్డి పాత్ర ఇందుకు నిదర్శనము. అడివి బాపిరాజు తన నవలలో నాయకునిగా నిలిపిన ఈ వీరుని అల్లు అర్జున్ తెలంగాణపు యాసతో మిక్కిలి రంజకముగా అభినయించెను. అతడు వచ్చినంతనే చిత్రము ఊపిరి పోసికొనును. కాని దానితోనే పాత మూలరూపమును తిరిగి వచ్చును: ఆపదలో స్త్రీ, ఆదుకొను వీరుడు. రక్షకురాలు, రక్షింపబడునది ఒకరే యను క్లిష్టమైన భావనను దర్శకుడు తానే కనుగొని, తానే జంకి విడిచెను. వ్యూహములు, పాటలు, త్రిమితీయ దృశ్యముల సందడిలో రుద్రమ ముఖముపై నిలువవలసిన చూపు త్వరత్వరగా తప్పుకొనును. వైభవము కొలబద్దగా ఉన్నంతవరకు చిత్రము మేలైనది. తానే కొలువబడవలెనని కోరినప్పుడు పలుచనైనది.

దర్శకుని జీవితమును ఇందు వెదకువారు కలరు. 'వరుడు' (2010), 'నిప్పు' (2012) ఆదరణకు నోచుకొనలేదు. పిమ్మట ఈ బరువును నిర్మాతగా తానే మోసెను. తెలంగాణ ప్రభుత్వము వినోదపు పన్ను మినహాయించినది. ఆంధ్రప్రదేశమున అది లభింపకపోగా 2017లో ఆ భేదమును అతడు బహిరంగముగా ప్రశ్నించెను. ఇవి వాస్తవములే. కాని కష్టములు శైలిని పుట్టింపవు. 'ఒక్కడు' విజయవంతమైన నాడును ఆ దాగిన యువతి అతని కథలో ఉన్నది.

కావున పరిశోధక విద్యార్థులకు మా సూచన ఇది. భారీ చిత్రమును భారీతనముచే తూచి విడువరాదు. ఆ కట్టడమున ఎవరు ఒంటరిగా ఉన్నారో చూడవలెను; దర్శకుడు వారితో ఎంతసేపు నిలిచెనో చూడవలెను. గుణశేఖర్ రుద్రమతో నిలిచినది కొద్దిసేపే. ఆ కొద్దిసేపు మాత్రము తెరపైనున్నది అతని చిత్రమే.