ఉత్తుత్తి సూది

మందు బిళ్లకు నకలు చేయడం తేలిక. అదే రంగు, అదే సైజు, లోపల మందు ఉండదు. మింగేవాడికీ తెలియదు, ఇచ్చే డాక్టరుకూ తెలియదు. సూదికి ఎలా? గుచ్చితే తెలుస్తుంది, గుచ్చకపోతే ఇంకా బాగా తెలుస్తుంది. ఆక్యుపంక్చర్‌ను పరీక్షించేవాళ్లు పడ్డ తంటాలు చదువుతుంటే నాకు ఫలితాల కన్నా ఆ పనితనమే ముచ్చటేస్తుంది.

1998లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌ డాక్టర్లు స్ట్రైట్‌బెర్గర్, క్లైన్‌హెంజ్ మొనలేని సూది ఒకటి తెచ్చారు. నాటకాల్లో పొడుచుకునే కత్తిలా, ఒత్తితే పిడిలోకి జారుకుంటుంది. చర్మం చురుక్కుమంటుంది, సూది మాత్రం దిగదు.

అమెరికాలో డేనియల్ చెర్కిన్ బృందం ఇంకా చవకగా, టూత్‌పిక్‌తో కానిచ్చింది. సూది దించే సన్న గొట్టంలో దాన్ని పెట్టి, తట్టి, కాస్త తిప్పి, తీసేయడమే. దీర్ఘకాలంగా నడుంనొప్పితో బాధపడుతున్న 638 మందిని తీసుకున్నారు. రోగం కూడా కలిసొచ్చిందనుకోండి. బోర్లా పడుకున్న మనిషికి తన వీపు కనపడదు కదా! పైగా ఎవరూ అంతకుముందు ఆక్యుపంక్చర్ రుచి చూసినవాళ్లు కారు. 2009లో ఫలితాలు అచ్చయ్యాయి. ఎనిమిది వారాలకు అసలు సూదుల వాళ్లలోనూ టూత్‌పిక్ వాళ్లలోనూ నూటికి 60 మందికి చెప్పుకోదగ్గ మెరుగు. మామూలు వైద్యంతోనే ఉన్నవాళ్లలో 39 మందికే.

"అంతా బూటకం" అని ఒకరు, "చూశారా, మామూలు వైద్యం కన్నా నయం" అని ఇంకొకరు ఇవే అంకెలు చూపిస్తారు. 2012లో దాదాపు 18 వేల మంది వివరాలు కలిపి లెక్కకట్టినప్పుడు అసలు సూదికి కాస్త మొగ్గు కనిపించింది. ఆ కాస్తా సూదిదేనా అన్నది నా అనుమానం. రోగి వీపును నమ్మించవచ్చు. గొట్టంలో ఉన్నది టూత్‌పిక్ అని పట్టుకున్నవాడికి తెలుసు. నమ్మకంతో చేసే చేతికీ, నటించే చేతికీ తేడా ఉండదా? పల్లెల్లో హస్తవాసి చూసి వైద్యుడిని వెతుక్కునేవాళ్లను అడగండి.

జర్మనీలో 1,162 మంది నడుంనొప్పి రోగులతో జరిగిన ప్రయోగంలో అసలు సూదికి నూటికి 48 మంది దాకా, చోటు కాని చోట పైపైన గుచ్చిన సూదికి 44, మామూలు వైద్యానికి 27 మంది మెరుగుపడ్డారు. 2006లో అక్కడి ఆరోగ్య బీమా వ్యవస్థ నడుంనొప్పికీ, మోకాలి నొప్పికీ ఆక్యుపంక్చర్ ఖర్చు భరించడానికి ఒప్పుకుంది. బిల్లు అసలు సూదికే.