రెండు పసుపు గోలీలు

మెథోట్రెక్సేట్ పొడి పసుపు రంగులో ఉంటుంది. ఫోలిక్ యాసిడ్ పొడి కూడా పసుపే. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, అంటే కీళ్ళవాతం, అని తేలినవాళ్ళకు డాక్టరు రాసే మొదటి చీటీలో ఎక్కువసార్లు ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. మొదటిది వారంలో ఒక్కరోజే. రెండోది, మామూలుగా, మొదటిది వేసుకోని రోజున. మొదటిది పెట్టే ఇబ్బందిని రెండోది తగ్గిస్తుందని మెడికల్ షాపు కుర్రాడు కూడా చెప్పగలడు. కానీ ఈ రెండూ ఒకే ప్రయోగశాలలో, దాదాపు అవే చేతుల మీదుగా, ఒకదాన్ని ముందు పెట్టుకుని మరొకటి చెక్కినట్టుగా పుట్టాయన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. ఆ ప్రయోగశాల న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉండేది. పేరు లెడర్లీ. 1940లలో అక్కడ పరిశోధనకు పెద్ద, 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు.

ఈ గోలీల పనితనాన్ని దేవరయాంజాల్‌లో కూర్చుని చూస్తే బాగుంటుందనిపించింది. హైదరాబాద్ శివార్లలో, రాజీవ్ రహదారికి దగ్గర్లో, పాత రామాలయం ఉన్న ఊరు. అక్కడివాళ్ళకు మందుల కంపెనీలంటే వింతేమీ కాదు. శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు పోతే 1999లో మొదలైన జీనోమ్ వ్యాలీ వస్తుంది. కోవాగ్జిన్ టీకా తయారైంది అక్కడే. ఇంత కొత్త విజ్ఞానం ఊరి పక్కనే ఉన్నా, పొద్దున లేవగానే వేళ్ళు ముడుచుకోక, చెంబు పట్టుకోలేక అవస్థపడే ఇల్లాలికి ఇవాళ్టికీ మొదట అందే మందు డెబ్బై అయిదేళ్ళు దాటిన పాతది. ఆ తర్వాత ఖరీదైన ఇంజెక్షన్లు ఎన్నో వచ్చాయి. దీని చోటు మాత్రం చెక్కుచెదరలేదు.

ముందు ఫోలిక్ యాసిడ్ సంగతి. 1930ల మొదట్లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరీక్షిస్తూ, ఈస్ట్‌తో చేసే మార్మైట్ పెడితే రక్తం పట్టడం గమనించింది. అందులో ఉన్నదేమిటో అప్పటికి తెలియదు. 1941లో అమెరికాలో పాలకూర నుంచి ఆ పదార్థాన్ని వేరుచేసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో పేరు పెట్టారు. దాన్ని ప్రయోగశాలలో తయారు చెయ్యడం లెడర్లీ వంతయింది. సుబ్బారావుకు ఇందులో ఇంటి లెక్క కూడా ఒకటుంది. స్ప్రూ అనే, పేగులు పాడై మనిషి శుష్కించిపోయే జబ్బుతో ఆయన సోదరులిద్దరు కొద్దికాలం తేడాలో చనిపోయారు. తనకూ వస్తే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నాడు. ఆ స్ప్రూకి పనికొచ్చే మందుగా ఫోలిక్ యాసిడ్ తేలింది. 1945లో దాని తయారీని ప్రకటించిన పత్రం మీద 16 పేర్లున్నాయి. సుబ్బారావుతో పాటు డోరిస్ సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్ పేర్లు కూడా.

చివరి మూడు పేర్లు గుర్తుపెట్టుకోవాలి. రెండేళ్ళకే, 1947లో, అదే ఫోలిక్ యాసిడ్‌కు ఎదురు నిలిచే అమినోప్టెరిన్‌ను ప్రకటించింది ఆ ముగ్గురే. దానికి తమ్ముడు మెథోట్రెక్సేట్. ఆ పత్రాల మీద సుబ్బారావు పేరు లేదు. పని పురమాయించడం, జట్టును నడిపించడం ఆయనది. పరీక్షనాళిక పట్టుకున్న చేతులు వాళ్ళవి. మనవాడన్న మురిపెంతో మొత్తం ఆయన ఖాతాలోనే వేస్తే సీగర్‌కు అన్యాయం జరుగుతుంది.

చేసిన మార్పు ఎంత చిన్నదో చూడండి. ఫోలిక్ యాసిడ్‌లో మూడు ముక్కలుంటాయి: ఒక చివర రెండు వలయాల టెరిడిన్, నడుమ అమినోబెంజోయిక్ ఆమ్లం, రెండో చివర గ్లుటామిక్ ఆమ్లం. టెరిడిన్ మీద నాలుగో స్థానంలో ఉన్న ఆక్సిజన్‌ను తీసి అమినో సమూహం పెట్టారు. అది అమినోప్టెరిన్. పదో స్థానంలోని నైట్రోజన్‌కు ఒక మిథైల్ కూడా తగిలించారు. అది మెథోట్రెక్సేట్. మిగతాదంతా ఉన్నది ఉన్నట్టే. పట్టిపట్టి చూస్తే తప్ప తేడా తెలియని రెండు బొమ్మలు.

కణం కూడా అలాగే మోసపోతుంది. కణం విభజన చెందాలంటే కొత్త డీఎన్ఏ కావాలి, అందుకు ఫోలేట్, అంటే ఒంట్లో ఫోలిక్ యాసిడ్ తీసుకునే రూపం, కావాలి, ఆ ఫోలేట్‌ను వాడకానికి సిద్ధం చేసే ఎంజైము ఒకటుంది. పెళ్ళికొడుకు కూర్చోవలసిన పీట మీద అవే బట్టలు కట్టిన తోడపెళ్ళికొడుకు కూర్చుని ఎంతకీ లేవకపోతే ఎలా ఉంటుందో, ఆ ఎంజైము దగ్గర మెథోట్రెక్సేట్ అలా చేస్తుంది. ఫోలేట్ కంటే సుమారు వెయ్యి రెట్లు గట్టిగా అతుక్కుంటుంది. తర్వాతి రోజుల్లో ఎంజైము స్ఫటికాల మీద ఎక్స్-కిరణాలు ప్రసరింపజేసి చూస్తే ఇంకో విచిత్రం బయటపడింది: ఫోలేట్ కూర్చునే తీరుకు ఇది తలకిందులుగా, టెరిడిన్ వలయాన్ని తిప్పుకుని కూర్చుంటుంది. గీసినవాళ్ళకు 1947లో ఈ సంగతి తెలిసే వీలే లేదు. ఒక్క అమినో సమూహం మారిస్తే అణువు తన ఆసనమే మార్చుకుంది.

మందు మొదలుపెట్టినవాళ్ళు పడే ఇబ్బందుల్లో చాలామటుకు ఈ బిగువు నుంచే వస్తాయి. ఎక్కడ కణాలు గబగబా పుడుతూ ఉంటాయో అక్కడే ఫోలేట్ కరువు ముందు తెలుస్తుంది. నోటి లోపలి పొర, పేగు పొర, ఎముక మజ్జ, వెంట్రుకల కుదుళ్ళు. అందుకే నోటిపూత, విరేచనాలు, రక్తకణాలు తగ్గడం, దువ్వెనకు నాలుగు వెంట్రుకలు ఎక్కువ రావడం. వికారం, కాలేయం మీద భారం, మర్నాటి మత్తు లాంటి నీరసం వీటికి తోడు. సైడ్ ఎఫెక్టులంటే మందులో కలిసిన మలినమేదో చేసే పని అని చాలామంది అనుకుంటారు. ఇక్కడ కోసేది, మాన్పేది ఒకటే అంచు.

ఆ అంచును ఎంత లోతు దించాలో తేల్చడానికి నలభై ఏళ్ళు పట్టింది. నా లెక్కలో అసలు గొప్ప పనితనం అదే. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌తో రక్తక్యాన్సర్ పిల్లల్లో తాత్కాలికంగానైనా జబ్బును వెనక్కి నెట్టాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు 53 ఏళ్ళకు కన్నుమూశాడు. 1951లో రిచర్డ్ గుబ్నర్ బృందం అదే మందు కీళ్ళవాతంలోనూ సోరియాసిస్‌లోనూ పనిచెయ్యడం రాసింది. కానీ అప్పుడే కార్టిజోన్ వచ్చింది, 1950లో దానికి నోబెల్ కూడా వచ్చింది. ఆ వెలుగులో దీన్ని ఎవరు చూస్తారు? చర్మవైద్యులు మాత్రం వదల్లేదు. రోజూ ఇస్తే కాలేయం దెబ్బతింటోందని, వారానికోసారి ఇస్తే చర్మం బాగుపడుతూనే దెబ్బ తగ్గుతోందని వాళ్ళు తెలుసుకున్నారు. 1972లో రెక్స్ హాఫ్‌మైస్టర్ అనే డాక్టరు వారానికోసారి చిన్న మోతాదుతో కీళ్ళవాతం రోగుల అనుభవం ప్రకటించాడు. 1985లో మైఖేల్ వైన్‌బ్లాట్ బృందం పరీక్ష పెట్టి రుజువు చేసింది. 1988లో అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది. క్యాన్సర్‌కు ఒక్కోసారి వేల మిల్లీగ్రాముల్లో ఎక్కించే మందు, కీళ్ళకు వారానికి 10 నుంచి 25 మిల్లీగ్రాములు.

వారం రోజుల ఎడం ఊరికే పెట్టింది కాదు. మందు రక్తంలోంచి ఒకటి రెండు రోజుల్లో మూత్రపిండాల దారిన వెళ్ళిపోతుంది. పేగు పొర తనను తాను మళ్ళీ అల్లుకోవడానికి మిగతా రోజులు చాలు. కణాల్లోకి చేరిన కొద్దిపాటి మందుకు మాత్రం కణమే మరిన్ని గ్లుటామేట్ ముక్కలు తోకలా తగిలిస్తుంది, అది తొందరగా బయటికి పోలేదు. అక్కడే ఉండి అడినోసిన్ అనే, వాపును చల్లార్చే పదార్థాన్ని పెంచుతుందని బ్రూస్ క్రాన్‌స్టైన్ లాంటి పరిశోధకులు చూపించారు. ఈ తోకల మందు పోగుపడటానికి వారాలు పడుతుంది. అందుకే గోలీ వేసిన ఆరు నుంచి పన్నెండు వారాలకు గాని గుణం కనిపించదు. ఇబ్బంది మొదటి వారమే వస్తుంది, సుఖం మూడో నెలలో. చాలామంది మందు మానేసేది ఈ రెంటి నడుమే.

ఫోలిక్ యాసిడ్ మళ్ళీ రంగంలోకి వచ్చింది ఇక్కడే. శత్రువుకు అన్నం పెట్టినట్టు కాదా, మందు చెడిపోదా అన్న అనుమానం న్యాయమైనదే. అలబామా విశ్వవిద్యాలయంలో సారా మోర్గాన్ బృందం 1990లలో పరీక్షించి, ఫోలిక్ యాసిడ్ ఇస్తే ఇబ్బందులు తగ్గుతున్నాయి, కీళ్ళకు గుణం తగ్గడం లేదు అని చూపించింది. విరుగుడు ఇచ్చినా మందు పని ఆగలేదంటే, చిన్న మోతాదులో మందు పనిచేసే దారి ఫోలేట్ దారి ఒక్కటే కాదన్నమాట. ఒకే కొలిమిలో పుట్టిన రెండూ ఒకే ఒంట్లో, వేరువేరు రోజుల్లో, ఒకదాని పని ఒకటి చెడగొట్టకుండా తిరుగుతున్నాయి.

ఇప్పుడు దేవరయాంజాల్‌లో ఒక అత్తాకోడళ్ళ ఇల్లు అనుకుందాం. “కడుపుల మస్తు తిప్పుతుంది, ఈ గోలీ నాకు పడది” అని అత్తగారు రెండో వారానికే పక్కన పెట్టేస్తుంది. “పడది కాదు అత్తమ్మా, యాళ మార్చి సూద్దాం” అనగలిగే కోడలుంటే సగం పని అయినట్టే. పొద్దున ఖాళీ కడుపున వేసుకునే గోలీని రాత్రి బువ్వ తిన్నాక వేసుకుంటే వికారం చాలామందికి నిద్రలో గడిచిపోతుంది. మర్నాడు బరువైన పని లేని రోజును ఎంచుకోవాలి. కూలికో ఉద్యోగానికో పోయేవాళ్ళకు శనివారం రాత్రి అనువు. ఒకేసారి నాలుగు గోలీలు మింగలేకపోతే, డాక్టరును అడిగి, అదే రోజు రెండు పూటలుగా విడదీయవచ్చు. మర్నాడు పెరుగన్నం, జావ, కొద్దిగా అల్లం. నోరు పూసినప్పుడు గొడ్డుకారం జోలికి పోకుండా, ఉప్పునీళ్ళు పుక్కిలించి, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. ఫోలిక్ యాసిడ్ పెంచడమో, మోతాదు సర్దడమో ఆయన చేస్తాడు. పాలకూర, తోటకూర, గోంగూర మంచివే గాని గోలీకి బదులు కావు.

రక్తపరీక్షను ఖర్చుల్లో మొదట కొట్టెయ్యాలనిపిస్తుంది. కొట్టెయ్యకూడదు. మొదటి మూడు నెలలు రెండు నుంచి నాలుగు వారాలకోసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి రక్తకణాలు, కాలేయం, క్రియాటినిన్ చూపించుకోవాలి. మజ్జలోను కాలేయంలోను జరిగేది మనిషికి తెలిసేలోపే కాగితం మీద తెలుస్తుంది. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆస్పత్రిలో ఈ జబ్బులకు విడిగా విభాగమే ఉంది. పొడిదగ్గుతో ఆయాసం, జ్వరంతో నోటిపూత, కళ్ళు పచ్చబడటం, ఒంటి మీద కమిలిన మచ్చలు: వీటిలో ఏది వచ్చినా తర్వాతి గోలీ ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. జ్వరానికనో మూత్రంలో మంటకనో ఎవరైనా సెప్ట్రాన్, బాక్ట్రిమ్ లాంటి గోలీలిస్తే వద్దనాలి. వాటిలోని ట్రైమెథోప్రిమ్ కూడా ఫోలేట్‌కు అడ్డుపడేదే, రెండూ కలిస్తే మజ్జ కుదేలవుతుంది. మద్యం వద్దంటే, కల్లు మద్యం కాదు గదా అనేవాళ్ళుంటారు. కాలేయానికి కల్లూ మద్యమే. గర్భం ధరించాలనుకునేవాళ్ళు డాక్టరుతో మాట్లాడి నెలల ముందే మానాలి. పిండానికి కావలసిన ఫోలేట్ మీదే ఈ మందు చెయ్యి వేస్తుంది.

ఇంత మెచ్చుకున్నాక ఒక లోపం చెప్పకపోతే పక్షపాతమవుతుంది. అణువును అంత నేర్పుగా చెక్కారు, పైన స్ట్రిప్పును మాత్రం ఏ శ్రద్ధా లేకుండా చేశారు. వారానికోసారి వేసుకోవలసిన మందు, రోజూ వేసుకునే మందుల్లాగే పది గోలీల వరసలో వస్తుంది. రెండు గోలీలూ చాలా బ్రాండుల్లో పసుపే. అక్షరాలు చిన్నవి, భాష ఇంగ్లీషు. పొరపాటున మెథోట్రెక్సేట్ రోజూ మింగి ప్రాణం మీదికి తెచ్చుకున్న వాళ్ళ కథలు ప్రపంచమంతటా వైద్య పత్రికల్లో ఉన్నాయి. బ్రిటన్‌లో “మండే మెథోట్రెక్సేట్, ఫ్రైడే ఫోలిక్” అని ప్రాస కట్టి చెబుతారు. మన ఇళ్ళలో కూడా మండే, ఫ్రైడే అనే అంటాం గనక ఆ ప్రాస మనకూ సరిపోతుంది. లేదా పెద్ద అక్షరాల క్యాలెండరు మీద ఆ రోజులకు ఎర్రసిరాతో సున్నా చుట్టి, స్ట్రిప్పులు రెండూ వేరే డబ్బాల్లో పెట్టి, ఒక డబ్బా కోడలి దగ్గర ఉంచుకుంటే సరి. “అత్తమ్మా, ఇయ్యాల గోలీ రోజు కాదు” అని అడ్డుపడే మనిషి ఇంట్లో ఉండటం, చూడబోతే, ఆ స్ట్రిప్పు చెయ్యవలసిన పనే.

వేళ మార్చి, ఫోలిక్ యాసిడ్ పెంచి, గోలీలు విడదీసినా కడుపు ఒప్పుకోకపోతే అదే మందుకు ఇంజెక్షన్ ఉంది. పొట్ట మీదో తొడ మీదో చర్మం కిందికి, సన్నటి సూదితో, వారానికోసారే. నేర్పిస్తే ఇంట్లోనే వేసుకోవచ్చు. 15 మిల్లీగ్రాములు దాటాక గోలీలో పెంచినంతా పేగు పీల్చుకోలేదు గనక, పెద్ద మోతాదు కావలసినవాళ్ళకు సూదే మేలు కూడా. సూదికి మారినా ఫోలిక్ యాసిడ్ గోలీ మాత్రం ఎప్పటి రోజున అప్పుడే వేసుకోవాలి.