బాగుచేయుటయు, బాగుగా చూచుకొనుటయు

ఆక్స్‌ఫర్డు నగరమునకు దక్షిణమున, థేమ్స్ నది యొడ్డున ఆబింగ్డన్ అను చిన్న పట్టణమొకటి కలదు. ఇంచుమించు అర్ధశతాబ్ద కాలము, 1980 అక్టోబరులో కర్మాగారము మూతపడువరకు, ఎం.జి. అను రెండక్షరముల ముద్ర గల స్పోర్ట్స్ కార్లు ఆ యూరినుండియే లోకమున కెల్లెడలకు పయనమై పోయినవి. ఆ యక్షరములు మోరిస్ గరాజెస్ అను దుకాణపు పేరులోనివి. దానికి మేనేజరుగా నుండిన సెసిల్ కింబర్ అను నాయన, సామాన్య సంసారుల కొరకు విలియం మోరిస్ తయారుచేయించు చవుక బండ్ల చట్రములను తీసికొని, వానిపై పొట్టివియు సొగసైనవియు నగు బాడీలను బిగించి అమ్మనారంభించుటతో ఈ వంశము పుట్టినది. కడవరకును వంశాచారము మారలేదు: యంత్రము సామాన్యుని బండిలోనిది, సొగసు మాత్రము ప్రత్యేకముగా కల్పించినది. అందుచేతనే, సంపన్నులకై పుట్టిన ఆస్టన్ మార్టిన్‌కు దూరమునుండియే నమస్కరించి తప్పుకొను నేను, మా యింటి షెడ్డులో నున్న 1966 నాటి ఎంజీబీ ముందు మాత్రము చొక్కా చేతులు మడచి నిర్భయముగా కూర్చుందును.

ఈ పాత బండ్ల విషయమున లోకులు మెచ్చుకొనునది పునరుద్ధరణమును. ఏ పశువుల కొట్టములోనో తుప్పుపట్టి, ఎలుకలకు నివాసమై పడియున్న బండిని లాగుకొనివచ్చి, మరమరకును విడదీసి, కోసి, అతికి, రంగు వేసి, ఒకనాడు అద్దమువలె మెరయుచు బయటికి తోలుకొని వచ్చు దృశ్యమును ఆంగ్లేయులు టెలివిజనులో చూచి చూచి తనియరు. ఆ విద్యను నేను తక్కువ చేయను. కాని యిన్నేండ్లు ఇంగ్లండు మధ్యమండలమున ఈ బండ్ల నడుమ మసలిన పిదప నాకు తోచినది, పోషణమే అసలైన విద్య యని, పునరుద్ధరణము అనునది ఆ పోషణమును మానిన పూర్వపు యజమానుల పక్షమున తరువాతివాడు చెల్లించు జరిమానా యని. ఈ మాట ప్రదర్శనలలో పలికినచో నన్ను చూచి నవ్వుదురు. ఇక్కడ పలుకుటకు అభ్యంతరముండదనుకొందును.

ఆ జరిమానా ఎంతటిదో తెలియవలెనన్నచో తుప్పు సంగతి తెలియవలెను. చలికాలమున మంచు గడ్డకట్టకుండుటకై ఆంగ్లదేశపు రోడ్లపై చెషైర్‌లోని విన్స్‌ఫర్డు గనివంటి గనులలో త్రవ్విన రాతియుప్పును టన్నులకొలది చల్లుదురు. మన యింటిలో ఉప్పు మామిడికాయను ఏడాది పొడుగునను కాపాడును గాని, ఆ దేశమున నదే యుప్పు బండి యడుగున చేరి ఇనుమును రెండు మూడు శీతకాలములలో బిస్కత్తుముక్క చేసి విడుచును. పూర్వపు ఎంజీఏ వరకు ఈ కార్లకు చట్రము వేరు, బాడీ వేరు. రేకు పోయినను చట్రము నిలుచును. 1962లో వెలువడిన ఎంజీబీకి వేరు చట్రము లేదు. సిడ్ ఎనెవర్ అను ప్రతిభావంతుడైన ఇంజనీరు నాయకత్వమున రూపొందిన ఆ బండిలో బాడీయే చట్రము, చట్రమే బాడీ. పైకప్పు లేని బండి కావున దాని బరువును ముఖ్యముగా మోయవలసినవి తలుపుల క్రింద ముందునుండి వెనుకకు సాగు రెండు పెట్టె దూలములు. వీనిని సిల్లులందురు. ఉప్పునీరు పోయి చేరునది సరిగా ఆ సిల్లులలోనికే.

ఒక్కొక్క సిల్లు ఒక రేకు కాదు. వెలుపలి రేకు, లోపలి రేకు, ఆ రెంటి నడుమ నిట్టనిలువుగా ఒక పొర, అన్నిటికి నడుగున కోటగోడపై కొమ్మలవలె మెట్టుమెట్టుగా వంగియుండుటచేత కాసిల్ రెయిల్ అను పేరు వడసిన మరియొక పట్టీ: ఇన్ని కలిసినగాని దానికి బలము లేదు. వెలుపలి రేకు తలుపు క్రింద కనబడు మేరతో ముగియక, ముందటి మడ్‌గార్డు లోపలికిని, వెనుకటి మడ్‌గార్డు లోపలికిని చొచ్చుకొని పోవును. ఇచ్చటనే మోసమునకు తావు కలదు. తొందరపాటు మనుష్యుడు కనబడునంత మేరకే క్రొత్త రేకు నొకదానిని తెచ్చి, పాత తుప్పుపైననే కప్పి వెల్డింగు చేసి, రంగు కొట్టి అమ్మివేయును. కొనినవాడు ఒక వేసవి యంతయు సంతోషముగా తిరుగును. అటుపై నొకనాడు, బండిని జాకీపై లేపినప్పుడు తలుపు తెరచినచో మరల మూసికొనదు. నడుము విరిగినదన్నమాట.

సరియైన పద్ధతి వేరు. బోల్టులతో బిగించియున్న ముందటి మడ్‌గార్డును మొదట ఊడదీయవలెను. తలుపు ద్వారమునకు అడ్డముగా నినుప కమ్ములు వెల్డుచేసి బాడీ వంగకుండ కట్టుదిట్టము చేయవలెను. తరువాత ఒక ప్రక్క సిల్లును మాత్రమే కోయవలెను. రెండు ప్రక్కలను ఒక్కమారు కోసిన మనుష్యుని బండి, మధ్యకు క్రుంగి, ఇక నెన్నటికిని తలుపులు సరిగా పడని బండియై మిగులును. క్రొత్త రేకును వెంటనే అతుకరాదు. పట్టుకొయ్యలతో బిగించి, తలుపు తగిలించి, తలుపునకును మడ్‌గార్డునకును నడుమ సందు పైనుండి క్రిందివరకు సమముగా వచ్చుచున్నదో లేదో చూచి, మరల విప్పి, మరల బిగించి, ఆ సందు సమాధానపడిన పిమ్మటనే టార్చి వెలిగింపవలెను. చూచువారికి వెల్డింగు పని గొప్పగా కనబడును గాని, కాలమంతయు హరించునది ఈ చూచుటయే. నాకు తెలిసిన యొక వృద్ధుడు, బర్మింగుహాము కార్ల కర్మాగారములలో జీవితమును గడపినవాడు, తలుపు సందును కొలబద్దతో కొలువడు. రెండడుగులు వెనుకకు జరిగి, మోకాళ్లపై వంగి, ఒక కన్ను మూసి చూచి, పెదవి విరచును. ఆ పెదవి విరుపునకు అప్పీలు లేదు.

ఇంత శ్రమ యెందులకని అడుగువారికి 1988 నుండి మరియొక దారి యున్నది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అను సంస్థ పాత అచ్చుదిమ్మెలను వెదకి పోగుచేసి, వానితోనే ఎంజీబీ బాడీని నిలువునా క్రొత్తగా తయారుచేసి అమ్మనారంభించినది. నేటికిని ఆక్స్‌ఫర్డు చెంతనున్న విట్నీలో ఆ పని సాగుచున్నది. ఉత్పత్తి ఆగిపోయిన కారునకు దాని మూలపు అచ్చులతోనే క్రొత్త బాడీ పుట్టుట వింతయే. పాత బండినుండి ఇంజను, గేరుపెట్టె, ఇరుసులు, సీట్లు, రిజిస్ట్రేషను సంఖ్య తెచ్చి దానిలో నెక్కించినచో వచ్చునది పాత బండియా, క్రొత్త బండియా యను తర్కము క్లబ్బుల సమావేశములలో తెల్లవార్లు సాగును. నేనందులో పాలుగొనను. నా యభ్యంతరము వేరొకటి. అటువంటి బండిని సాధించినవాడు దానిని బయటికి తీయుటకే జంకును. వానకు భయము, రాతికి భయము, పిల్లవాని చేతి వేళ్లకు భయము. చివరకు దానిని ట్రెయిలరుపై నెక్కించి ప్రదర్శనకు తీసికొనిపోయి, పచ్చికపై నిలిపి, దాని ప్రక్కనే మడతకుర్చీ వేసికొని కూర్చుండును. పరుగెత్తుటకై పుట్టిన బండి మరియొక బండిపై స్వారి చేయుట చూచినపుడు నాకు నవ్వును జాలియు నొక్కసారిగా కలుగును.

పోషణము అట్లుగాదు. దానికి ప్రేక్షకులు లేరు. ఈ బండ్లకు రెండు ఎస్.యు. కార్బురేటర్లుండును. చెప్పుల వ్యాపారపు కుటుంబమున పుట్టిన స్కిన్నర్ సోదరులు ఇరువదవ శతాబ్దారంభమున కనిపెట్టిన యీ సాధనము, మొదట తోలు తిత్తితో పనిచేసినదన్న సంగతి నాకు మిక్కిలి ప్రియము. తోలువ్యాపారుల బిడ్డలకు తోలు గాక మరేమి తోచును? తరువాత తిత్తి పోయి, గంటవంటి అల్యూమినియపు గుమ్మటము, దానిలో పైకి క్రిందికి తేలియాడు పిస్టను, దాని కొనకు క్రమముగా సన్నగిలు నొక సూది వచ్చినవి. ఇంజను ఎంత గాలిని కోరినచో పిస్టను అంత లేచును. సూది యెంత లేచినచో అంత పెట్రోలు వచ్చును. గుమ్మటము నడినెత్తిన నున్న చిన్న మూత విప్పి, అప్పుడప్పుడు కొంచెము పలుచని ఇంజనాయిలు పోయవలెను. అది లేనిచో యాక్సిలరేటరు త్రొక్కినప్పుడు పిస్టను ఒక్కపెట్టున పైకెగసి, బండి తడబడును. ఎంతోమంది ఆ నూనె పోయుట యెరుగక క్రొత్త కార్బురేటర్లను కొనిరి.

రెంటిని సమము చేయుటకు ఒక రబ్బరు గొట్టము చాలును. ఒక కొనను చెవిలో నుంచుకొని, రెండవ కొనను ఒక్కొక్క కార్బురేటరు నోటియొద్ద పట్టి, గాలి పీల్చు సవ్వడి రెంట నొకే తీరుగా వినబడువరకు మరలను సవరింపవలెను. తరువాత పిస్టనును వెంట్రుకవాసి పైకెత్తవలెను. ఇంజను వేగము పెరిగి అట్లే నిలిచినచో పెట్రోలు ఎక్కువ. తగ్గి ఆగబోయినచో తక్కువ. ఒక్క క్షణము పెరిగి మరల కుదుటపడినచో సరి. ఏ కంప్యూటరును లేకుండ యంత్రమే తన సంగతిని ఇంత స్పష్టముగా చెప్పుకొను ఏర్పాటును నేను మరియొకచోట చూడలేదు.

విద్యుత్తు విషయమున ఈ బండ్లకు చెడ్డపేరు కలదు. ఆ తీగలు, స్విచ్చులు, దీపములు బర్మింగుహాములోని లూకాస్ సంస్థవి. మదరాసులోని లూకాస్-టీవీఎస్ పేరు వినినవారికి ఆ పేరు క్రొత్త కాదు. ఆ సంస్థను స్థాపించిన జోసెఫ్ లూకాస్‌ను చీకటి దొర యని పరిహసించుట అచ్చట ప్రతి క్లబ్బులోను ఆచారము. దీపములమ్మి పైకివచ్చిన మనుష్యునికి ఇట్టి బిరుదము దక్కుట అన్యాయమని నా మతము. నేను చూచినంతలో లోపము పరికరములలో గాక, అవి బాడీకి తగులు చోట చేరిన తుప్పులోనే యుండెను. తీగల రంగులలో ఎంత క్రమమున్నదో చూడుడు: గోధుమరంగు తీగలో ఎల్లప్పుడు విద్యుత్తుండును, తెల్లదానిలో తాళము త్రిప్పినపుడే, ఆకుపచ్చదానిలో తాళము త్రిప్పిన పిదప ఫ్యూజు మీదుగా, నీలము పెద్దదీపములది, నల్లది బాడీకి పోవునది. మా బండి నాటివానిలో బ్యాటరీ ధనధ్రువమే బాడీకి కలిపియుండును; 1967 చివరనే ఆ పద్ధతి మారినది. ఈ సంగతి తెలిసి, ఏడాదికొకమారు గరుకుకాగితముతో ఆ కూడళ్లను రుద్దువానికి చీకటి భయము లేదు.

పానాల సంగతి ఇంకను విచిత్రము. 1945 మొదలు 1949 వరకు వచ్చిన ఎం.జి. టీసీ అను బండి ఇంజనులోని మరచుట్లు మెట్రిక్ కొలతలవి, బోల్టు తలలు మాత్రము ఆంగ్లేయుల విట్‌వర్త్ కొలతలవి. ఫ్రెంచివారి హాచ్‌కిస్ సంస్థ కోవెంట్రీలో నెలకొల్పిన కర్మాగారమును మోరిస్ 1923లో కొనినపుడు, ఆ యంత్రములు మెట్రిక్ మరలనే కోయగలవై యుండెను. ఆంగ్ల మెకానిక్కుల సంచులలోనో విట్‌వర్త్ పానాలే యుండెను. రాజీగా పుట్టినదే ఈ సంకరజాతి బోల్టు. దుకాణమునకు పోయి కొనుటకు దొరకని వస్తువిది. పాత బోల్టును పారవేయని బుద్ధిమంతుడు పదింతలు సుఖపడును.

మా ఎంజీబీ ఇంజను బీ-సిరీస్ అను కుటుంబములోనిది. ఆ కుటుంబమే ఎంజీఏను నడిపినది, 1489 సీసీల రూపమున మన అంబాసిడరును నడిపినది. ఒకమారు రాజమండ్రిలో ఒక షెడ్డునకు పోయి, జీవితమంతయు అంబాసిడర్లనే విప్పి బిగించిన పెద్దమనుష్యునికి మా ఇంజను ఫొటో చూపితిని. ఆయన కళ్లజోడు తుడుచుకొని, "ఆయ్, ఇది మన అంబాసిడరు ఇంజనే గదండీ! రెండు కార్బురేటర్లు తగిలించారంతే," అనెను. ఆపైన, "టాపెట్లెవరు సెట్టు చేస్తారండి?" అని యడిగెను. నేనే యనగా, "పాపం, అక్కడ మెకానిక్కులు దొరకరాండీ?" అని నిజముగానే విచారించెను. హైదరాబాదు వీథులలో నేడు ఎం.జి. ముద్రతో తిరుగు ఎత్తైన విద్యుత్ బండ్లకు ఆబింగ్డన్‌తో గల చుట్టరికమునకంటె, ఆ షెడ్డు ముందర తుప్పుపట్టుచున్న అంబాసిడరుకు గల చుట్టరికము దగ్గరిది.

ఇప్పుడు పెట్రోలు గూడ మారినది. సీసము కలిపిన పెట్రోలు పోవుటచే వాల్వు సీట్లను గట్టి లోహముతో వేయించవలసివచ్చెను. 2021 నుండి బ్రిటనులో సాధారణ పెట్రోలున నూటికి పదిపాళ్ల వరకు ఇథనాలు చేరుటచే పాత రబ్బరు గొట్టములను మార్పించవలసివచ్చెను. ఇవి పెద్ద పనులు కావు. పెద్ద చిక్కు మనుష్యులది. వృద్ధులు వెళ్లిపోవుచున్నారు. బైసెస్టర్‌లోని పూర్వపు వైమానిక స్థావరమున యువకులకు ఈ విద్యను నేర్పు శిక్షణాలయమొకటి నడచుచున్నది, చూచి సంతోషించితిని. వారు నా సలహా నడుగరు గాని, అడిగినచో మొదటి ఆరుమాసములును వెల్డింగు టార్చిని ముట్టనీయక, గ్రీజు గన్నును రబ్బరు గొట్టమును మాత్రమే చేతికిమ్మని చెప్పుదును. అట్లు నేర్చినవానికి జీతమెవరిత్తురని వారు తిరిగి యడిగినచో నేను నీళ్లు నమలవలసినదే. సిల్లులు మార్చినవాడు వేల పౌండ్ల బిల్లు వ్రాయవచ్చును; గుమ్మటములో చెంచాడు నూనె పోసినందుకు బిల్లు వ్రాసిన మెకానిక్కును నేనింకను చూడలేదు.