మారిన రాకెట్టు, మారని నిబంధన

స్వీడన్ దేశపు ఇంజనీరు ఇవార్ జాకబ్సన్ సహరచయితలతో 1992లో వెలువరించిన గ్రంథము సాఫ్ట్‌వేర్ నిర్మాణమున 'వినియోగ సందర్భము' అను భావనకు విశేష ప్రచారము కల్పించెను. యంత్రమును వాడువారెవరు, వారికి కావలసిన ఫలితమేమి అని ముందుగా అడుగుట ఈ పద్ధతి. ఖాతాదారు బ్యాంకు యంత్రమునుండి డబ్బు తీయుట అట్టి సందర్భము. కోరువారికిని నిర్మించువారికిని ఉమ్మడి భాష నిచ్చుట దీని గుణము.

అయితే అవసరమును ఒకసారి వ్రాసినంతనే పని ముగియదు. ఐరోపా వారి ఏరియాన్-4 రాకెట్టులో, ప్రయోగము చివరి క్షణమున ఆగినచో త్వరగా తిరిగి ఆరంభించుటకై, ఒక గణన నేల విడిచిన పిమ్మట కూడ కొంతసేపు నడచునట్లు ఏర్పరచిరి. ఏరియాన్-5కు ఆ అవసరము లేదు; అయినను గణనను తొలగింపలేదు. 1996 జూన్ 4న ప్రథమ ప్రయాణమున, క్రొత్త రాకెట్టు యొక్క అధిక క్షితిజ వేగముచే పెరిగిన సంఖ్య 16 బిట్లలో ఇమడలేదు. దిశను తెలుపు రెండు కంప్యూటర్లును ఆగిపోయెను. సుమారు 40 సెకండ్లకు రాకెట్టు నాశనమయ్యెను.

వినియోగ సందర్భము 'ఏమి కావలె'నో చక్కగా చెప్పును; 'ఎందులకు, ఏ హద్దులలో' అనునది తనంతట చెప్పదు. ఆ లోటును నిర్మాతలే పూరించి, వస్తువు మారినప్పుడెల్ల తిరిగి పరీక్షింపవలెను. అమ్మీటరును క్రొత్త వలయములో కలుపుటకు ముందు దాని హద్దును చూచుకొను విద్యార్థికి ఈ నియమము క్రొత్తది కాదు.