శిథిలాల కింది నుంచి చూపు: 'ఎ కాంటికల్ ఫర్ లీబోవిట్జ్' నవలలో జ్ఞానరక్షణ, బాధ్యత

ప్రళయానంతర జీవితాన్ని చిత్రించిన విజ్ఞానకల్పనా నవలల్లో అమెరికన్ రచయిత వాల్టర్ ఎం. మిల్లర్ (1923-1996) రచించిన 'ఎ కాంటికల్ ఫర్ లీబోవిట్జ్' ప్రముఖమైనది. 1955-57 మధ్య పత్రికలో వెలువడిన మూడు కథలను సంస్కరించి మిల్లర్ దీనిని నవలగా కూర్చాడు. 1961లో హ్యూగో పురస్కారం పొందిన ఈ నవల తప్ప ఆయన జీవితకాలంలో మరో నవల రాలేదు.

రెండవ ప్రపంచయుద్ధంలో మిల్లర్ బాంబర్ విమానాల్లో రేడియో ఆపరేటర్‌గా పనిచేశాడు. 1944 ఫిబ్రవరి 15న ఇటలీలోని మోంటే కాసినో మఠాన్ని నేలమట్టం చేసిన దాడిలో పాల్గొన్నాడు. 1947లో కాథలిక్ మతం స్వీకరించాడు. అణుయుద్ధానంతరం ఎడారి మఠంలో సన్న్యాసులు గ్రంథాలను కాపాడే ఇతివృత్తాన్ని ఈ జీవితంతో కలిపి చూస్తే, మఠాన్ని కూల్చినవాడు గ్రంథరక్షణ కథతో ప్రాయశ్చిత్తం చేసుకున్నాడన్న అన్వయం సులభంగా స్ఫురిస్తుంది. అయితే కాసినో గ్రంథసంపదను 1943లోనే రోముకు తరలించారు. బాంబులకు బలైనవారిలో అధికులు మఠంలో తలదాచుకున్న సామాన్యులు. కనుక నవలలోని అపరాధభావనకు మూలం గ్రంథనష్టం కాజాలదు. దానిని మరోచోట వెదకాలి.

మొదటి భాగంలో ఫ్రాన్సిస్ అనే యువసన్న్యాసికి మఠ సంస్థాపకుడైన లీబోవిట్జ్ నాటి కాగితాలు దొరుకుతాయి. వాటిలో ఒకటి అంగడి సరుకుల చీటీ, మరొకటి విద్యుత్ వలయపు నమూనా. రెండూ పవిత్రావశేషాలే అవుతాయి. నమూనా అర్థం తెలియని ఫ్రాన్సిస్ పదిహేనేళ్లు శ్రమించి బంగారు అలంకరణతో దానికి ప్రతి రాస్తాడు. దారిదోపిడీగాడు ఆ మెరుగు చూసి ప్రతినే ఎత్తుకుపోతాడు, మూలం మిగులుతుంది. అర్థం తెలియనిచోట కూడా అక్షరం వదలని తాళపత్ర లేఖకులను ఎరిగిన తెలుగు పరిశోధకులకు ఈ నిష్ఠ పరిచితమే. మిల్లర్ దీనిని ఆప్యాయమైన హాస్యంతో చిత్రించాడు గాని, దానిలోని ప్రమాదాన్ని దాచలేదు. అందిన సందేశాన్ని చేరవేయడమే రేడియో ఆపరేటర్ పని. నేలమీది పర్యవసానం అతడికి కనబడదు. లేఖకుడి స్థితీ ఇటువంటిదే.

రెండవ భాగం ఈ పోలికను బలపరుస్తుంది. మఠంలో సన్న్యాసులు తమ దేహబలంతో యంత్రాన్ని తిప్పి విద్యుద్దీపం వెలిగిస్తారు. ఆ దీపం కోసం శిలువను దాని చోటు నుంచి తొలగించవలసి వస్తుంది. పండితుడు థాన్ టాడియో గ్రంథాలను పరిశీలిస్తుండగా, అతడి వెంట వచ్చిన సైనికాధికారులు మఠపు రక్షణకుడ్యాల చిత్రాలు గీసుకుంటారు. జ్ఞానాన్వేషణ, యుద్ధసన్నాహం ఒకే ఆతిథ్యంలో సాగుతాయి. మూడవ భాగంలో, 3781 నాటికి, రక్షితజ్ఞానం మళ్లీ అణుబాంబుగా పరిణమిస్తుంది.

నవలకు కీలకం మఠాధిపతి జెర్కీ శిథిలాల కింద చిక్కుకునే ఘట్టం. ఇందులో విమానం నుంచి చూసే దృష్టి లేదు. పాఠకుడు కూలిన రాళ్ల కింద ఆ వృద్ధుడి పక్కనే ఉంటాడు. ఈ ఘట్టం రాస్తున్నప్పుడే తాను కాసినో గురించి రాస్తున్నానన్న ఎరుక కలిగిందని మిల్లర్ తరువాత చెప్పాడు. అపరాధభావన ఇక్కడ వ్యక్తమయ్యేది గ్రంథరక్షణ రూపంలో కాదు, దృక్కోణం తలకిందులు కావడంలో.

అందువల్ల ఈ నవలను గ్రంథరక్షకుల కీర్తిగాథగా మాత్రమే చదవడం అసమగ్రం. మిల్లర్ లేఖకుడిని నిందించలేదు, నిర్దోషిగానూ ప్రకటించలేదు. ముగింపులో కొందరు సన్న్యాసులు రక్షితగ్రంథాలతో అంతరిక్షనౌకలో మరో లోకానికి బయలుదేరతారు. వారితో ఆశ వెళుతోందా, పాత ప్రమాదమే వెళుతోందా అన్నది నవల తేల్చలేదు. పాఠాన్ని యథాతథంగా కాపాడటమే పరమధర్మమని భావించే విద్వత్సంప్రదాయాలన్నింటికీ ఆ ప్రశ్న వర్తిస్తుంది.